ఐఈపీ మీటింగ్‌కి ఏమేం సిద్ధం చేసుకోవాలి? మూడో తరగతి బాబు, సీబీఎస్‌ఈ, హైదరాబాద్

మియాపూర్_అమ్మ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆటిజం, ఐఎస్‌ఏఏ (ఆటిజం ఎంత ఉందో కొలిచే పరీక్ష) స్కోరు 84. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, బస్సులో ఆయమ్మతో హిందీ. వచ్చే వారం శుక్రవారం ఐఈపీ (పిల్లవాడి అవసరాన్ని బట్టి విడిగా రాసే చదువు ప్లాన్) మీటింగ్ అని కోఆర్డినేటర్ మేడమ్ మెసేజ్ పెట్టారు. ఏమైనా తేవాలా అంటే "ఊరికే రండి, మాట్లాడుకుందాం" అన్నారు. ఫైల్లో ఏం పెట్టుకోవాలి, ఏం అడగాలి, ఏం ఒప్పుకోకూడదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. పది రోజుల టైముంది.

స్పెషల్‌ఎడ్_బోయిన్‌పల్లి · సోమవారం రాత్రి 10:25

ఊరికే వెళ్తే వాళ్లు చదివింది విని సంతకం పెట్టి రావడమే అవుతుందండి. రేపు పొద్దున్నే ఒక మెయిల్ పెట్టండి. వాట్సాప్ వద్దు, మెయిలే. అందులో మూడే ప్రశ్నలు: మీటింగ్‌కి ఎవరెవరు వస్తున్నారు, ఎంతసేపు ఉంటుంది, డ్రాఫ్ట్ ప్లాన్ ఎప్పుడు పంపుతారు. డ్రాఫ్ట్ కనీసం మూడు పనిదినాల ముందు చేతికి రావాలని రాయండి.

ఎవరెవరు అని అడగడానికి కారణముంది. క్లాస్ టీచర్, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నా, "సరే, ఇస్తాం" అనగలిగే వైస్ ప్రిన్సిపాలో హెడ్మిస్ట్రెస్సో లేకపోతే ప్రతిదానికీ "మేనేజ్‌మెంట్‌ని అడిగి చెప్తాం" అనే వస్తుంది. ఆ జవాబు మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక ఫైలు. ఉన్న రిపోర్టులన్నీ కుక్కకండి, అరవై పేజీల ఫైలు ఎవరూ తిప్పరు. పైన ఒకే ఒక్క పేజీ, ఇప్పుడు పిల్లవాడు ఎక్కడున్నాడో అంకెల్లో. దాని కింద తాజా అసెస్‌మెంట్ రిపోర్టు, వైకల్య సర్టిఫికెట్ లేదా యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు, థెరపీ వాళ్లు ఈ మూడు నెలలకు రాసిచ్చిన కాగితం, బడి నోట్సులోంచి మూడు పేజీలు. అన్నీ జిరాక్సులే, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి.

ఆ ఒక్క పేజీయే మీటింగ్‌ని నడుపుతుంది. "చదవడంలో వెనకబడ్డాడు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయాలి: మొదటి తరగతి ఇంగ్లిష్ రీడర్లో కొత్త పేరా ఇస్తే నిమిషంలో 30 పదాలు చదువుతాడు, అందులో 6 తప్పులు. బోర్డు మీది ఐదు లైన్లు ఎక్కించుకోవడానికి 14 నిమిషాలు, అదే పుస్తకం పక్కన పెడితే 8 నిమిషాలు. రెండంకెల కూడికలు పదికి తొమ్మిది సరైనవి, అదే లెక్క మాటల్లో ఇస్తే పదికి రెండు. టాయిలెట్‌కి వెళ్లాలని ఇంట్లో తనే చెప్తాడు, బడిలో చెప్పడు. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు, మీ బాబువి మీరు కొలవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. ఫోన్లో ఒక నిమిషం టైమర్, అంతకుముందు చదవని పేరా, మూడు రోజులు అదే సమయానికి. మూడు అంకెల్లో మధ్యది తీసుకోండి. ఒక్కరోజే కొలిస్తే "ఆ రోజు మూడ్ బాగాలేదేమో" అంటారు, నిజంగా అయ్యుండొచ్చు కూడా. పేరా మార్చకపోతే మూడో రోజుకి కంఠతా వచ్చేస్తుంది, ఆటిజం పిల్లల్లో ఇది మరీ ఎక్కువ.

చివర మూడు లైన్లు వాడికి ఏది ఇష్టం, ఏది బాగా వచ్చు అని. ఇది మర్యాద కోసం రాసే భాగం కాదు. పాఠం దేని మీదుగా చెప్పాలో దీంట్లోంచే తేలుతుంది.

మియాపూర్_అమ్మ · సోమవారం రాత్రి 10:52

మెట్రో అంటే ప్రాణం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లూ వరసగా చెప్తాడు. అది కూడా రాయాలా?

స్పెషల్‌ఎడ్_బోయిన్‌పల్లి · సోమవారం రాత్రి 10:58

తప్పకుండా. స్టేషన్ల పేర్లు కార్డుల మీద రాసి ఇస్తే అది చదివే పాఠం. "అమీర్‌పేట తర్వాత మూడో స్టేషన్ ఏది" అంటే ముందు-తర్వాత, లెక్క రెండూ వస్తాయి. టీచర్‌కి ఇది తెలియకపోతే వాడలేరు కదా.

ఓటీ_తార్నాక · మంగళవారం ఉదయం 7:15

పైన చెప్పినదానికి ఒకటి చేర్చాలి. "కోపం వస్తుంది, క్లాసు డిస్టర్బ్ చేస్తాడు" అనే మాట మీటింగ్‌లో తప్పక వస్తుంది. దానికి సిద్ధంగా ఉండాలంటే ఇప్పటినుంచే టీచర్‌ని మూడు గళ్ల కాగితం నింపమని అడగండి: దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది. టైము కూడా వేయాలి. పది రోజుల్లో ఎనిమిది సంఘటనలు దొరికినా చాలు.

ఒక వరస ఇలా వచ్చిందనుకోండి. 11:10, పీటీ నుంచి వచ్చారు, ఇంగ్లిష్ రాత పని మొదలైంది. చెవులు మూసుకుని బల్ల కిందికి దూరాడు. వరండాలోకి పంపారు. మర్నాడు 11:15, మళ్లీ రాత పని, మళ్లీ బల్ల కిందికి, మళ్లీ వరండా. ఇప్పుడు కనపడుతోంది కదా, బల్ల కిందికి దూరితే రాత తప్పుతుందని వాడికి తెలిసిపోయింది. బయటికి పంపడం శిక్ష అని టీచర్ అనుకుంటున్నారు, వాడికి అది విశ్రాంతి. పంపేకొద్దీ ఆ పని పెరుగుతుంది. అలాంటప్పుడు ప్లాన్‌లో ఉండాల్సింది "ప్రవర్తన మెరుగుపడాలి" కాదు. పీటీ తర్వాత ఐదు నిమిషాలు నీళ్లు తాగి కూర్చునే టైము, రాత పనిని మూడేసి లైన్ల ముక్కలుగా ఇవ్వడం, "బ్రేక్" అని చూపించడానికి బల్ల మీద ఒక కార్డు. కార్డు చూపించిన ప్రతిసారీ రెండు నిమిషాలు ఇవ్వాలి. మొదటి రెండు వారాలు అస్సలు కాదనకూడదు. ఒకసారి కాదంటే కార్డు పనిచేయదని తేల్చుకుని మళ్లీ బల్ల కిందికే వెళ్తాడు.

కూర్చునే చోటు, ఫ్యాను చప్పుడు, అసెంబ్లీ మైకు, బస్సులో సీటు, వీటికి ఒక్క పైసా ఖర్చు కాదు. ముందుగా వీటినే అడగండి. స్కూలు సులువుగా ఒప్పుకునేవి మొదట ఒప్పుకుంటే మాట్లాడే వాతావరణం బాగుంటుంది.

స్పీచ్_మలక్‌పేట · మంగళవారం మధ్యాహ్నం 1:30

అమ్మా, మీరు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ అన్నారు. నా దృష్టిలో ఈ మీటింగ్‌లో అన్నిటికంటే పెద్ద విషయం అదే. హైదరాబాద్‌లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ముందు మీ అసెస్‌మెంట్ రిపోర్టు తీసి ఏ భాషలో పరీక్షించారో చూడండి. చాలా రిపోర్టుల్లో అసలు రాయరు. ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం ముందు పెట్టి "అంబ్రెల్లా ఏది" అంటే వేలు పెట్టని పిల్లవాడు "గొడుగేది నాన్నా" అంటే టక్కున చూపిస్తాడు. పరీక్ష ఇంగ్లిష్‌లోనే జరిగితే అర్థం చేసుకునే వయసు నిజానికంటే తక్కువ పడుతుంది. ఆ అంకె పట్టుకునే స్కూలు లక్ష్యాలు పెడుతుంది. మాటల లెక్కింపు కూడా మూడు భాషల్లో కలిపి ఉండాలి. నీళ్లు, పానీ, వాటర్ అని మూడు చోట్ల మూడు రకాలుగా అంటాడు, ఒక్క భాషలోనే లెక్కపెడితే మిగతావి పోతాయి.

ఇంట్లో ఇది చేసి చూడండి. స్పెషల్‌ఎడ్ మేడమ్ చెప్పిన మాటల లెక్కలు ఐదు ఇంగ్లిష్‌లో ఇవ్వండి, మర్నాడు అలాంటివే ఐదు తెలుగులో. "ఆరు జామకాయలున్నాయి, రెండు తిన్నాం, ఎన్ని మిగిలాయి?" తెలుగులో ఐదుకి నాలుగు చేసి ఇంగ్లిష్‌లో ఒకటే చేస్తే వాడికి రానిది లెక్క కాదు, 'లెఫ్ట్', 'ఆల్‌టుగెదర్', 'మోర్ దేన్' అనే మాటలు. ఆ రెండు కాగితాలూ ఫైల్లో పెట్టండి. అప్పుడు లక్ష్యం మారిపోతుంది. తీసివేతలు మళ్లీ మొదటినుంచి నేర్పక్కర్లేదు, ఓ పన్నెండు ఇంగ్లిష్ లెక్కల మాటల్ని తెలుగు మాటతో జతచేసి నేర్పితే చాలు.

ఇంకో మాట. "ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి, కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు" అని సలహా ఇస్తే దయచేసి తీసుకోకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడదు. అమ్మమ్మ, నాయనమ్మ మాట్లాడే భాష తీసేస్తే వాడితో రోజంతా మాట్లాడే మనుషులే తగ్గిపోతారు.

అల్వాల్_నాన్న · మంగళవారం మధ్యాహ్నం 2:05

మేడమ్, థర్డ్ లాంగ్వేజ్ తీసేయమని అడగొచ్చా? మా పాపకి డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఐదో తరగతి. మూడు లిపులు మోయలేకపోతోంది.

పరీక్షల_టీచర్ · మంగళవారం సాయంత్రం 6:40

అడగొచ్చు సార్. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లోనే పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్తుంటే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల మినహాయింపు అని ఉంది. సీబీఎస్‌ఈలో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా మూడో భాష మినహాయింపు, పెద్ద తరగతుల్లో రెండు భాషల బదులు ఒకటే తీసుకునే వీలు ఉన్నాయి. కాకపోతే తెలంగాణలో 2018 చట్టం ప్రకారం తెలుగు బోధన తప్పనిసరి. కాబట్టి ఏ భాష వదలాలన్నది నోటిమాటగా తేల్చకండి. "ఫలానా భాష మినహాయింపు కోరుతున్నాం, ఆధారం ఈ సర్టిఫికెట్" అని దరఖాస్తు ఇచ్చి, రాతలోనే జవాబు తీసుకోండి.

డిస్లెక్సియాకి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, ఐదో తరగతి కాబట్టి మీకు ఆ అడ్డంకి లేదు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) మాత్రమే ఉన్నవాళ్లకి ఒక ముఖ్య విషయం: చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో అది లేదు. దాంతోపాటు డిస్లెక్సియా ఉందేమో పరీక్ష చేయించాలి, ఎందుకంటే రెండూ కలిసి రావడం మామూలే.

సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలో మూడు గంటల పేపరుకి 60 నిమిషాలు, రెండు గంటల పేపరుకి 40 నిమిషాలు అదనం. దాన్ని పదో తరగతిలో మొదటిసారి వాడితే ఉపయోగం ఉండదు. మిగిలిన ఆ గంటలో ఏం చేయాలో పిల్లలకి తెలియదు, ఊరికే కూర్చుంటారు. యూనిట్ టెస్టుల నుంచే, అంటే మూడో తరగతిలోనే, గంట పరీక్షకి 20 నిమిషాలు అదనం అని ప్లాన్‌లో రాయించండి. స్క్రైబ్ కూడా అంతే. చెప్పి రాయించడం విడిగా నేర్చుకోవాల్సిన పని.

ఇప్పుడు అసలు జాగ్రత్త. సదుపాయం వేరు, సిలబస్ తగ్గించడం వేరు. ప్రశ్న చదివి వినిపించడం, పెద్ద అక్షరాలు, అదనపు సమయం, ఇవన్నీ సదుపాయాలు, పాఠం అందరితో సమానంగానే ఉంటుంది. "వీడికి మొదటి నాలుగు పాఠాలు చాలు, పేపరు వేరే ఇస్తాం" అంటే అది సిలబస్ తగ్గింపు. కొందరికి అది అవసరమే, కాదనను. కానీ మూడో తరగతిలో అన్ని సబ్జెక్టుల్లో ఒప్పుకుంటే ఏటేటా దూరం పెరిగి, ఎనిమిదో తరగతికి వచ్చాక "ఓపెన్ స్కూల్‌కి వెళ్లండి" అంటారు. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్), టాస్ (తెలంగాణ ఓపెన్ స్కూల్) రెండూ మంచి దారులే. ఆ దారి మీరు ఎంచుకోవాలి, నెట్టబడకూడదు. తగ్గింపు ఏ సబ్జెక్టులో, ఏ పాఠాల్లో, ఎప్పటిదాకా అన్నది విడిగా రాయించండి.

మియాపూర్_అమ్మ · బుధవారం రాత్రి 8:30

డ్రాఫ్ట్ అడిగితే ఇవాళ పంపారు! కానీ 14 లక్ష్యాలు ఉన్నాయి. "సూచనలు పాటించడం మెరుగుపరచాలి", "కమ్యూనికేషన్ పెంచాలి", "ఏకాగ్రత పెంచాలి", "ఐ కాంటాక్ట్ పెంచాలి", అన్నీ ఇలాగే. దీనికేం జవాబు రాయాలి?

స్పెషల్‌ఎడ్_బోయిన్‌పల్లి · బుధవారం రాత్రి 9:20

పంపినందుకు ముందు థాంక్స్ చెప్పండి, ఆ టీచర్ ఎంతోమంది పిల్లలకి ఒంటిచేత్తో రాస్తూ ఉంటారు. తర్వాత, పద్నాలుగులోంచి ఐదు తీసుకుందామనండి. వారానికి రెండు మూడు పుల్‌అవుట్ (క్లాసులోంచి తీసుకెళ్లి విడిగా చెప్పే) పీరియడ్లతో పద్నాలుగు ఎవరి వల్లా కాదు. వేటిని ఉంచాలంటే, అది వస్తే మరో నాలుగు పనులు వాటంతటవే సులువయ్యేవి. సాయం అడగడం, టాయిలెట్ చెప్పడం, క్లాసుకంతటికీ చెప్పిన సూచన వినడం, చదవడం, లెక్కల మాటలు. ఐ కాంటాక్ట్‌ని నేనైతే కొట్టేస్తాను. కళ్లలోకి చూస్తూ వినడం చాలామంది ఆటిజం పిల్లలకి కష్టం. చూడమని బలవంతపెడితే వినడం తగ్గుతుంది. వింటున్నాడా లేదా అన్నదే మనకు కావాలి.

ఒక్కదాన్ని తిరగరాసి చూపిస్తాను, మిగతావి మీరే చేయగలరు.

వాళ్లు రాసింది: సూచనలు పాటించడం మెరుగుపరచాలి.

మనకు కావాల్సింది: టీచర్ క్లాసు మొత్తానికి రెండంచెల సూచన చెప్పినప్పుడు, ఉదాహరణకి "నోట్‌బుక్ తీయండి, తేదీ వేయండి", బోర్డు మీద ఆ రెండు బొమ్మలు ఉంటే, పేరు పెట్టి మళ్లీ పిలవకుండా ఐదుసార్లలో నాలుగుసార్లు చేస్తాడు. ప్రస్తుతం ఐదులో ఒకటి. గడువు దసరా సెలవులు. లెక్క వేసేది క్లాస్ టీచర్, మంగళ, గురువారాల్లో ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పీరియడ్.

ఇందులో ఒక్కో ముక్క ఎందుకుందో చూడండి. "క్లాసు మొత్తానికి" అని లేకపోతే స్పెషల్ ఎడ్యుకేటర్ గదిలో ఒక్కడికే చెప్పి చేయించి "లక్ష్యం పూర్తి" అని టిక్ పెడతారు, క్లాసులో ఏమీ మారదు. "బొమ్మలు ఉంటే" అన్నది స్కూలు ఇవ్వాల్సిన సాయం, అది పెట్టకుండా పిల్లవాణ్ణి కొలవకూడదు. "ప్రస్తుతం" లేకపోతే మార్చిలో ముందుకెళ్లాడో లేదో ఎవరూ చెప్పలేరు. లెక్క వేసే మనిషి, రోజు లేకపోతే అసలు ఎవరూ వేయరు. వారానికి రెండు రోజులు చాలు, రోజూ అంటే నలభై మంది పిల్లల మధ్య రెండో వారానికే ఆగిపోతుంది.

చట్టం_నాంపల్లి · గురువారం ఉదయం 8:10

అమెరికాలో ఉన్న బంధువులు పంపే ఫారాలు పట్టుకుని వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే ఇది రాస్తున్నాను. ఐడీఈఏ, 504 ప్లాన్, ఇవి ప్రత్యేక అవసరాల పిల్లల చదువుకి అక్కడి చట్టాల్లోని ఏర్పాట్లు. ఇక్కడి ప్రిన్సిపాల్ ముందు వాటి పేరెత్తితే "మాకు వర్తించవు" అంటారు, అది నిజమే. అంతటితో మీ మాట తేలిపోతుంది. ఫార్మాట్ వరకు వాడుకోండి, హక్కు అన్నచోట మన చట్టం చెప్పండి.

మనది 2016 చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 16వ సెక్షన్ చూడండి. ప్రభుత్వం నిధులిచ్చే బళ్లకే కాదు, గుర్తింపు ఉన్న ప్రైవేటు బళ్లకీ అది వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సదుపాయం కల్పించడం, వ్యక్తిగత సహాయం ఇవ్వడం, ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనించడం, రవాణా, అన్నీ అందులో ఉన్నాయి. ఐఈపీ అన్న పేరు ఆ సెక్షన్‌లో కనపడదు. కాబట్టి "ఐఈపీ ఇవ్వడం చట్టం" అనకుండా, "16వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత సహాయం, ప్రగతి గమనింపు మీ బాధ్యత, దాన్ని ఈ ప్లాన్‌లో రాద్దాం" అంటే కాదనడానికి దారి ఉండదు.

సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే బెంచ్‌మార్క్ వైకల్యం. 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు 31వ సెక్షన్‌లో ఉంది. స్పెషల్ ఎడ్యుకేటర్ల సంఖ్యపై 2021లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అని చెప్పింది. ఆ ఎడ్యుకేటర్లకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడగడం తప్పు కాదు.

పని జరగకపోతే ముందు ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా, తర్వాత మేనేజ్‌మెంట్‌కి, డీఈఓకి (జిల్లా విద్యాధికారికి), ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి.

ఓటీ_తార్నాక · గురువారం ఉదయం 8:45

సార్ చెప్పిందంతా నిజమే, కానీ మొదటి మీటింగ్‌లోనే సెక్షన్ నంబర్లు తీయడం నాకు సరిపడదు. ఆ రోజు నుంచి టీచర్లు మాట్లాడటం మానేసి మెయిల్‌లో జాగ్రత్తగా రాయడం మొదలుపెడతారు. పిల్లవాడు రోజుకి ఏడు గంటలు వాళ్ల దగ్గరే ఉంటాడు.

చట్టం_నాంపల్లి · గురువారం ఉదయం 9:02

తీయమనలేదండి, తెలుసుకుని వెళ్లమంటున్నాను. "ఇది మీ మీద దయతో చేస్తున్నాం" అన్న మాట వచ్చినప్పుడు తలొంచుకోకుండా ఉండటానికి అది కావాలి.

అల్వాల్_నాన్న · గురువారం మధ్యాహ్నం 1:15

షాడో టీచర్ (క్లాసులో పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసే మనిషి) సంగతేంటి? "మీరే పెట్టుకోండి, జీతం మీదే" అంటున్నారు చాలాచోట్ల.

స్పెషల్‌ఎడ్_బోయిన్‌పల్లి · గురువారం రాత్రి 9:05

జీతం ఎవరిదన్నది రాతలో అడగండి: "ఏ అవసరానికి షాడో కావాలంటున్నారు, స్కూలు తరఫున ఏం ఇస్తున్నారు" అని. అవసరం రాయకుండా షాడోని పెట్టమంటే అది క్లాసులో గొడవ లేకుండా చూసుకునే ఏర్పాటు మాత్రమే.

పెట్టినా, తీసేసే ప్లాన్ మొదటి రోజే ఉండాలి. షాడో వచ్చాక సాధారణంగా జరిగేది ఇది: టీచర్ పిల్లవాడితో మాట్లాడటం మానేసి షాడోతో మాట్లాడతారు, నోట్సు షాడో రాసేస్తారు, ఇంట్లో నోట్‌బుక్ చూసి అంతా బాగుందనుకుంటారు. ఆర్నెల్లకి షాడో సెలవు పెట్టిన రోజు "ఇవాళ పంపకండి" అని ఫోన్ వస్తుంది. కాబట్టి రాయించండి: మొదటి నెల పక్కన, రెండో నెల వెనక బెంచీలో, మూడో నెల నుంచి కష్టమైన రెండు పీరియడ్లకే. కొలిచేది పీరియడ్‌కి ఎన్నిసార్లు చెయ్యి పట్టి చేయించారు, ఎన్నిసార్లు మాటతో, ఎన్నిసార్లు సైగతో. ఆ లెక్క తగ్గకపోతే షాడో పనితీరు మార్చాలి. షాడో సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా అందులోనే. బాబు నోట్‌బుక్‌లో షాడో రాసింది వేరే రంగు ఇంకులో ఉండాలి.

సర్కార్‌బడి_టీచర్ · గురువారం రాత్రి 9:50

ప్రభుత్వ బడుల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. సాధారణంగా మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల ప్రభుత్వ కేంద్రం) ఉంటుంది, అందులో ఐఈఆర్‌పీ (ఆ పిల్లలకి నేర్పే రిసోర్స్ టీచర్) ఉంటారు. బడికి ఏ రోజు వస్తారో హెచ్‌ఎం గారిని అడిగి, ఆ రోజే మీటింగ్ పెట్టమనండి. లేకపోతే ప్లాన్ రాసేవాళ్లు ఒకరు, పిల్లవాణ్ణి చూసేవాళ్లు ఇంకొకరు అవుతారు. యూడైస్‌లో (బడుల ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో) పిల్లల పేరు ఎదురుగా ప్రత్యేక అవసరాలు అని నమోదైందో లేదో కచ్చితంగా చూడండి. అది పడకపోతే సమగ్ర శిక్ష (ప్రభుత్వ విద్యా పథకం) సాయాలు పేరు మీదికి రావు: ఉపకరణాలు, రవాణా భత్యం, బాలికలకు నెలకు 200 స్టైపెండ్. బడికి రాలేనంత తీవ్ర వైకల్యం ఉంటే ఇంటి దగ్గరే విద్య అడగొచ్చు. మేధో వైకల్యం (బుద్ధి మాంద్యం) ఉన్న పిల్లల అసెస్‌మెంట్‌కి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అక్కడి ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు (పిల్లవాడికి ఏ పనులు వచ్చో చూసే పట్టిక) నింపించుకుంటే లక్ష్యాలు అందులోంచే తీయొచ్చు, తెలుగులో అడిగి నింపించండి.

నర్సు_ఉప్పల్ · శుక్రవారం ఉదయం 6:30

మూర్ఛ ఉన్న పిల్లలైతే ఐఈపీకి ఒక విడి పేజీ ఉండాలి. మూర్ఛ ఎలా మొదలవుతుంది, పక్కకి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూడాలి, 5 నిమిషాలు దాటితే డాక్టరు రాసిన అత్యవసర మందు, అంబులెన్స్ 108. మందు ఏ బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గర, బస్సులో ఎవరికి తెలుసు, ఇవి పేర్లతో సహా. చాలా బడుల్లో మందు ఉంటుంది, తాళం ఉన్నవాళ్లు ఆ రోజు రారు.

మియాపూర్_అమ్మ · శుక్రవారం రాత్రి 9:15

డ్రాఫ్ట్‌కి ఐదు లక్ష్యాలతో జవాబు పంపాను. లెక్కలు కొలిచాను, తెలుగులో ఐదుకి నాలుగు, ఇంగ్లిష్‌లో ఐదుకి ఒకటి. మీటింగ్ రోజు ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి. వాయిస్ రికార్డ్ చేయొచ్చా?

స్పెషల్‌ఎడ్_బోయిన్‌పల్లి · శుక్రవారం రాత్రి 10:10

రికార్డింగ్ వాళ్లకి చెప్పకుండా వద్దు. చెప్పి చేసినా అందరూ బిగుసుకుపోతారు. దానికి బదులు ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, రెండోవారు రాసుకోవాలి. నాన్నగారికి వీలు కాకపోతే అత్తగారో, చెల్లెలో, థెరపిస్టో ఎవరైనా సరే, ముందే మెయిల్‌లో పేరు చెప్పండి.

ఇలాంటి మీటింగ్‌లకి నలభై నిమిషాలు ఇస్తారు, అందులో ఇరవై బాబు చేసిన అల్లరి చెప్పడంలోనే అయిపోతాయి. అందుకే కూర్చోగానే ఆ ఒక్క పేజీ అందరికీ తలా ఒక కాపీ ఇచ్చి, "రెండు నిమిషాలు ఇది చూద్దాం మేడమ్, తర్వాత మీరు క్లాసులో గమనించింది చెప్పండి" అనండి. మాట అక్కణ్ణుంచి మొదలవుతుంది. మొదట చూపించాల్సింది తెలుగు, ఇంగ్లిష్ లెక్కల కాగితాలు. దాన్ని చూస్తే లెక్కల టీచర్‌కి కూడా ఏం చేయాలో తోస్తుంది.

ఎవరైనా "చూద్దాం", "ట్రై చేస్తాం" అంటే నొచ్చుకోకుండా ఒకటే అడగండి: "ఎవరు చూస్తారు మేడమ్, ఏ తేదీకల్లా?" మీరు ఒప్పుకోనిది ఉంటే అక్కడే వాదించకండి, "దీని మీద మాకు ఇంకా అభ్యంతరం ఉంది, ప్లాన్‌లో అలాగే రాయండి" అనండి. సంతకం ఆ రోజు పెట్టకండి. "ఇంటికి తీసుకెళ్లి చదివి రెండు రోజుల్లో పంపుతాం" అంటే సరిపోతుంది. హాజరైనట్టు సంతకం అడిగితే పక్కన "హాజరు మాత్రమే" అని రాసి తేదీ వేయండి.

పరీక్షల_టీచర్ · శుక్రవారం రాత్రి 10:35

అదే రాత్రి మెయిల్ పెట్టడం మర్చిపోకండి, మర్నాడు కూడా కాదు. ఇంగ్లిష్‌లోనే రాయండి, విషయం ఇంతే: ఇవాళ్టి మీటింగ్‌లో ఒప్పుకున్నవి ఇవి అని మాకు అర్థమైంది; సీటు ముందు వరసలో కిటికీకి దూరంగా, సోమవారం నుంచి, క్లాస్ టీచర్; యూనిట్ టెస్టుకి గంటకి 20 నిమిషాలు అదనం, ఎగ్జామ్ ఇన్‌ఛార్జ్; బ్రేక్ కార్డు, స్పెషల్ ఎడ్యుకేటర్, ఫలానా తేదీ. తేలనివి ఇవి. తేడా ఉంటే మూడు రోజుల్లో చెప్పగలరు. ఈ మెయిల్‌కి జవాబు రాకపోయినా అది మీ దగ్గర ఉన్న రికార్డే. సబ్జెక్టు టీచర్లు ఆ మీటింగ్‌లో ఉండరు కాబట్టి, ప్లాన్ సారాంశం వాళ్లందరికీ ఎవరు ఎప్పుడు చేరవేస్తారో కూడా అందులో రాయండి. హిందీ పీరియడ్‌లో బ్రేక్ కార్డు చూపిస్తే తిట్లు పడటానికి కారణం ఇదొక్కటే, ఆ టీచర్‌కి ఎవరూ చెప్పలేదు.

మియాపూర్_అమ్మ · శుక్రవారం రాత్రి 10:50

రివ్యూ ఎప్పుడు అడగాలి? వాళ్లు మార్చి అంటున్నారు.

ఓటీ_తార్నాక · శుక్రవారం రాత్రి 11:05

మార్చికి ఏడాది అయిపోతుంది. మొదటి రివ్యూ ఆరు వారాలకి, పది నిమిషాలు ఫోన్లో అయినా సరే. అప్పుడు చూడాల్సింది పిల్లవాడి ప్రగతి కాదు, ఒప్పుకున్న సదుపాయాలు నిజంగా నడుస్తున్నాయా అన్నది. రెండోది దసరా సెలవులకి ముందు, అంకెలతో. ఐదులో ఒకటి అలాగే ఐదులో ఒకటిగా ఉంటే లక్ష్యాన్ని అంచెలుగా చిన్నది చేయాలి, లేదా సాయం మార్చాలి. మూడోది సంక్రాంతి తర్వాత, నాలుగో తరగతికి ఏం వెళ్లాలో తేల్చడానికి. సెలవుల్లోంచి వచ్చాక మొదటి వారం పిల్లలు ఎప్పుడూ కొంచెం వెనక్కి జారతారు, ఆ వారంలో మాత్రం కొలవనివ్వకండి.

స్పెషల్‌ఎడ్_బోయిన్‌పల్లి · శుక్రవారం రాత్రి 11:12

రివ్యూ తేదీలు మూడూ ప్లాన్ మొదటి పేజీలోనే వేయించండి. టీచర్ లెక్క వేసే కాగితం స్కూల్ డైరీ చివరి అట్టకి లోపల అతికించండి, వారానికోసారి ఇంటికి వస్తుంది. రెండు వారాలు ఖాళీగా వస్తే రివ్యూ దాకా ఆగక్కర్లేదు, మూడో సోమవారం కోఆర్డినేటర్ మేడమ్‌కి ఆ పేజీ ఫొటో తీసి మెయిల్ చేయండి.